సూర్యుడు తప్పుకున్నాక

“ఆ డిష్ బాగుచేయొద్దండి. రేపు కూడా బొమ్మ పోవాల!”

పాకాలలో కేబుల్ టీవీ నడిపే రూపేష్‌కు అలాంటి కోరిక అంతవరకూ ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం సినిమా నడుమ పది నిమిషాలు బొమ్మ పోయిందని వీధంతా వచ్చి తిట్టిపోయింది. ఈ పిల్లేమో నోటుబుక్కు పట్టుకుని సంబరపడుతోంది.

“ఎగతాళా?”

“కాదండీ. ఏటా మార్చిలో సూర్యుడు సరిగ్గా టీవీ ఉపగ్రహం వెనక్కి వస్తాడు. మీ డిష్‌లో పడింది ఆయన రేడియో చప్పుడే. నాకు అదే కావాల.”

పేరు ధరణి. ఇల్లు తిరుపతిలో, అక్కడే ఎమ్మెస్సీ ఫిజిక్స్. ఊళ్లో ఆడపిల్లలందరూ రూపేష్‌ను ‘అన్నా’ అంటారు, ఈమె అనలేదు. దాన్ని లాభం కింద వేసుకుని, సిగ్నలు కొలిచే ముల్లు మీటరు ముందు కుర్చీ వేశాడు.

నాలుగు రోజులు రైల్లో వచ్చిపోతూ, ముల్లు ఎంత లేచిందో ఆమె రాసుకుంది. మిగిలిన సమయమంతా మాటలే. పోయినేడు, తొంభై ఏడులో, జపాన్ వాళ్లు అంతరిక్షంలోకి పంపిన రేడియో టెలిస్కోపు మీద ఆమె సెమినారు ఇవ్వబోతోంది; ఈ ముల్లు లెక్కలు కూడా అందులోకే.

“డిష్‌ని అంత పైకి మోసేది దేనికి? నేల మీద చోటు లేకనా?”

“పైదీ కిందదీ ఒకే గెలాక్సీని వింటాయి. రెండూ జతచేస్తే, ఆ మధ్య దూరమంత పెద్ద డిష్ చూసినంత సన్నగా చూడొచ్చు.”

“పాకాలకీ తిరుపతికీ మధ్య ఉండే దూరం చాలదా?”

“ముల్లు చూడనీయప్పా!” అంది నవ్వాపుకుంటూ.

నాలుగోరోజు వెళ్తూ చెప్పింది. “రేపు సూర్యుడు తప్పుకుంటాడు. ఆయన లేనప్పుడు ముల్లు ఎక్కడుంటుందో ఒక్కసారి రాసుకుంటే అయిపోయినట్టే. మళ్లీ ఆయన వచ్చేది సెప్టెంబరు ఆఖర్లోనే.”

ఆరు నెలలు! ఎటు తిప్పి చూసినా నష్టమే. మర్నాడు రూపేష్ మిద్దెక్కి, డిష్‌ను రవ్వంత పైకెత్తాడు.

బొమ్మ పోయింది. ముల్లు లేచింది. ధరణి మొహం వాడిపోయింది.

“నా లెక్కంతా తప్పా? ఎల్లుండే సెమినారు... ఏం చెప్పేది?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి అతను వేసుకున్న లెక్కలో లేవు.

“నీ లెక్క సరే ధరణీ. డిష్ నేనే ఎత్తినాను. సూర్యుడు పోతే నువ్వు రావు కదా అని.”

“నేను వచ్చేదానికి సూర్యుడు కావాల్నా? పిలిచేదానికి నోరు లేదా నీకు? ఎక్కు మిద్దె! ముందు సరిచెయ్!”

ఎక్కాడు. వాకిట్లో నిలబడి, లోపలి టీవీ చూస్తూ ధరణి అరుస్తోంది: “రాలేదు... ఇంకొంచెం కిందికి!”

“ధరణీ! నన్ను చేసుకుంటావా?”

ఎదురింటి గంగులమ్మ బయటికొచ్చింది.

“బొమ్మ వచ్చేసినాది, ఇంక కదిలించొద్దురా అబ్బా! నువ్వు చెప్పు పాపా, పైన ఎండలో నిలబడుండాడు!”

ధరణి నోటుబుక్కు మొహానికి అడ్డం పెట్టుకుంది. దాని వెనకనుంచే మాట వచ్చింది.

“దిగిరా. మూడు గంటల బండికి తిరుపతి పోదాం. మా నాయనని నువ్వే అడగాల.”