అడగకుండా తెచ్చిన పాట

పాట రేడియోలో వచ్చి గంట కూడా కాలేదు, స్టూడియో తలుపు చప్పుడయింది. తట్టారు అనడం మర్యాద కోసం. బాదారు అనాలి.

ఫిజీ రాజధాని సువాలో టైర్ల షాపు పైన ఉన్న ఒంటి గదే ఇలియేసా స్టూడియో. కింద మెషిన్ ఆగితేనే పైన రికార్డింగ్. అతని పద్ధతల్లా చెవిన పడ్డదాన్ని ఏరుకోవడం. బస్సు హారనూ, చర్చి కోరస్సూ, మార్కెట్లో ఆడవాళ్ల కూనిరాగాలూ ఫోన్లో పట్టుకొస్తాడు. వాటికి గిటార్ కలుపుతాడు. తర్వాత రోనిల్ డోలక్ అందుకుంటాడు. రోనిల్ లంబాసా చెరకు తోటల మధ్య పెరిగిన భారతీయ సంతతివాడు, వాడి చెయ్యి పడితే రెగే కూడా భజనలా ఊగుతుంది. ఇద్దరూ తిండి మర్చిపోయి పోట్లాడుకుంటారు. పోట్లాట ఆగిందంటే పాట కుదిరినట్టే.

ఈసారి కుదిరింది మామూలుగా కాదు. పై వారం పండుగ స్టేజి మీద పాడే అవకాశం వచ్చింది ఆ పాటతోనే.

తలుపు తీస్తే ఒకమ్మాయి. వానలో పూర్తిగా తడిసింది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి, కళ్లలోంచి నిప్పులు.

"ఇలియేసా ఎవరు?"

రోనిల్ వెంటనే వేలు చూపించాడు. స్నేహితుణ్ణి అప్పగించడంలో వాడికి వాడే సాటి.

"రేడియోలో మా నానమ్మ పాట పాడుతున్నది మీరేనా?"

"నా పాటండీ అది," అన్నాడు ఇలియేసా.

"'సముద్రమా, నీ పిల్లల్ని పంపు' అనే ముక్క కూడా మీదేనా? మా ఊరి ఆడవాళ్లు చేపల్ని వలలోకి తరుముతూ పాడేది. మా నానమ్మ కట్టింది."

"మార్కెట్లో నాచు అమ్మే ఒకావిడ పాడుతుంటే విన్నాను. బాగుందని రికార్డ్ చేశా."

"అడిగారా?"

"ఆవిడ నవ్వింది."

"మీ ముఖం చూస్తే ఎవరైనా నవ్వుతారు. పాట కట్టినవాళ్లను అడిగారా అంటున్నా."

రోనిల్ డోలక్ వెనక ముఖం దాచుకున్నాడు.

"ఇంతకీ మీదే ఊరు?"

"సువా."

"సువా ఊరా? పెద్ద బస్టాండు అది. మీ నాన్నగారిది ఏ ఊరు?"

"నేనిక్కడే పుట్టాను. నాకు ఇదే ఊరు," అన్నాడు ఇలియేసా మొండిగా. మా దగ్గర ఏ ఊరని అడిగితే తండ్రి ఊరు చెప్పాలి. సువా కుర్రాళ్లకు ఈ మధ్య అదో ఫ్యాషన్, చెప్పరు.

అమ్మాయి పేరు ఉలమిలా. ఇక్కడే స్కూల్లో టీచరు. అందుకే శిక్ష కూడా టీచరులాగే వేసింది. "శనివారం పడవకి నేను ఊరెళ్తున్నా. పెద్దల ముందు పెట్టడానికి కావా పట్టుకొని వచ్చి మా నానమ్మని అడగండి. లేదా పాటలోంచి ఆ ముక్క తీసెయ్యండి."

ఆమె వెళ్లాక ఇలియేసా ఆ ముక్క తీసేసి పాట విన్నాడు. బొత్తిగా చప్పగా ఉంది. మళ్లీ పెట్టాడు, మళ్లీ తీశాడు. అసలు సంగతేమిటంటే, ఇప్పుడు ఆ చోటు రాగానే తడిసిన జుట్టు గుర్తొస్తోంది.

"పోదాం పద," అన్నాడు రోనిల్. "పాట కోసం నువ్వు, తమాషా కోసం నేను."

పడవ దిగేసరికి నానమ్మ తితిలియా ఇంట్లో చాపల మీద ఊరి పెద్దలు కూర్చుని ఉన్నారు. ఇలియేసా మోకాళ్ల మీద ముందుకు జరిగి, నీళ్లలో కలిపి అందరూ తాగే కావాని సంచిలోంచి తీసి పెట్టాడు. పొడి. దంచి, జల్లించి, మార్కెట్లో కట్టిచ్చిన కాగితం పొట్లాలు.

ఒక ముసలాయన పొట్లం అటూ ఇటూ తిప్పి చూశాడు. "వీడు మనల్ని అడగడానికి వచ్చాడా, టీ కాచుకోడానికి వచ్చాడా?"

ఉలమిలా తల కొట్టుకుని బయటికి నడిచింది. పోయిందనుకున్నాడు ఇలియేసా. పాటా పోయింది, ఈ అమ్మాయీ పోయింది. కానీ ఆమె కాసేపట్లోనే వచ్చింది, మట్టి కూడా పూర్తిగా దులపని కావా వేర్ల కట్టతో. బాబాయి తోటలో పీకినట్టుంది. తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"ఇదీ పెట్టాల్సింది. నా పరువు తియ్యకండి."

"మీ పరువెందుకు పోతుంది?"

"రమ్మన్నది నేనే కదా," అని పక్కకి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి.

వచ్చినవాడి తరఫున మరొకరు మాట్లాడటం ఆనవాయితీ కాబట్టి రోనిల్ గొంతు సవరించుకుని అందుకున్నాడు. వాడి ఫిజీ మాట ఇలియేసా మాటకంటే శుభ్రంగా ఉంటుంది. మధ్యలో ఆగి గుసగుసగా అడిగాడు. "ఏ ఊరివాడని చెప్పనురా? సువా అంటే తంతారు."

"నుకుసారి అను. నాన్నది నుకుసారి."

రోనిల్ ఆ మాట అన్నాడో లేదో, ఇల్లంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఇందాకటి ముసలాయన లేచొచ్చి ఇలియేసా టోపీ తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరో చెప్పులు పట్టుకుపోయారు. ఒకావిడ అతని కళ్లజోడు పెట్టుకుని చాప మీదే చిందేసింది.

"ఏమైంది వీళ్లకి?" అన్నాడు ఇలియేసా బిత్తరపోయి.

నానమ్మ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "మీ ఊరు అన్న సంతతి, మా ఊరు చెల్లెలి సంతతిరా. మనది బావామరదళ్ల వరస. మా ఇంట్లో ఏం కావాలన్నా నువ్వు అడక్కుండా తీసుకోవచ్చు, నీ ఒంటి మీదది ఏదైనా మేమూ లాక్కోవచ్చు. పాటకి నా అనుమతే అక్కర్లేదు. మీ నాన్న చెప్పలేదూ?"

"నేను అడగలేదు," అన్నాడు. నిజంగానే సిగ్గేసింది.

"కానీ పాట తప్పు పాడావు. పొద్దున్నే నీళ్లలోకి రా."

పొద్దున్న నడుములోతు నీళ్లలో ఆడవాళ్ల మధ్య వల పట్టుకుని నిలబడ్డాడు. ఉలమిలా పక్కనే ఉంది. 'పంపు' అనగానే పాట టక్కున ఆగింది. అందరి అరచేతులూ ఒక్కసారి నీటిని కొట్టాయి. మళ్లీ పాట. రేడియోలో వచ్చిన పాటలో ఆ ఖాళీని అతను గిటార్‌తో నింపేశాడు.

"అక్కడ నోరు ముయ్యాలి బావా," అంది ఉలమిలా. 'మీరు' అనే మర్యాద ఎగిరిపోయింది. "చేపలు బెదరాల్సింది ఆ దెబ్బకే."

ఒడ్డున డోలక్‌తో కూర్చున్న రోనిల్‌కి కూడా అర్థమైంది. తర్వాతి దెబ్బ పడే చోట డోలక్ ఎడమవైపు ఒకటే కొట్టాడు, లోతుగా. నీళ్ల చప్పుడూ డోలకూ ఒకటైపోయాయి. ఇన్నాళ్లూ ఈ పాటలో తను వెతుకుతున్నది ఇదేనని ఇలియేసాకు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పునీళ్లు పడ్డాయని చెప్పాడు.

"ఊరందరూ నా దగ్గర ఏదో ఒకటి లాక్కున్నారు," అన్నాడు వల సర్దుతూ. "నువ్వే ఏమీ తీసుకోలేదు."

"నేను తీసుకుంటే తిరిగివ్వను. అందుకే ఆలోచిస్తున్నా."

"ఆలోచించడానికి ఏముంది? నాకు నువ్వు నచ్చావు. తలుపు బాదినప్పుడే నచ్చావు."

ఉలమిలా వల వదిలేసి, నానమ్మ వైపు తిరిగి అందరూ వినేలా చెప్పింది. "నానమ్మా, నాకు ఈ మనిషి కావాలి."

చేపలు కాస్తా జారిపోయాయి. ఆడవాళ్లు పట్టించుకోలేదు, విరగబడి నవ్వుతున్నారు. నానమ్మ మాత్రం నవ్వలేదు. "టోపీలు లాక్కున్నట్టు మనిషిని లాక్కోకూడదే. పిల్లాడా, పాటకి వరస చాలు. నా మనవరాలికి చాలదు. మీ నాన్నని, పిల్లనడిగేటప్పుడు పెట్టే తిమింగలం దంతం పట్టుకొచ్చి, ఈ ఇంట్లో కూర్చుని అడగమను."

ఇలియేసా ఒడ్డుకొచ్చి తండ్రికి ఫోన్ చేశాడు.

"ఆ ఊరెళ్లావా?" తండ్రి అవతల అప్పుడే నవ్వుతున్నాడు. "ఏమేం ఊడ్చుకుపోయారేమిటి?"

"చెప్పులు. టోపీ. కళ్లజోడు."

"అంతేనా?"

ఉలమిలా తడిబట్టలతో ఎదురుగా నిలబడి వింటోంది. ఇలియేసా ఆమె ముఖంలోకే చూస్తూ అన్నాడు. "ఇంకొకటి ఉంది నాన్నా. అది వాళ్లు లాక్కున్నది కాదు. మీరొచ్చి అడగాలి."

అవతల నవ్వు ఆగింది.

"అమ్మాయి పేరేమిట్రా?" అన్నాడు తండ్రి మెల్లగా. "ఉండు, మీ అమ్మని పిలుస్తా. తనకి కూడా చెప్పు."