మూడు వందల ఎనభై గ్రాములు

ఆల్బీన్ షెబెస్తా ఆ బుధవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. భార్య వెల్లుల్లి సూప్ పొయ్యి మీద పెట్టి, గుమ్మం దగ్గర అతను ఇంట్లో వేసుకునే చెప్పులు కూడా సర్ది ఉంచింది. పదకొండున్నరకి, ఊరికి రెండు కిలోమీటర్ల ఇవతల ఎక్కుడు రోడ్డు మీద, అతను సొంత చేతులతో చేసుకున్న మూడు చక్రాల బండి భగ్గుమంది. కోడిగుడ్డు ఆకారంలో పైడొప్ప, లోపల సగం పడుకుని పెడల్ తొక్కే సీటు, వెనక అరచేతంత మోటారు. మూత తీసుకుని బయటపడే వ్యవధి అతనికి దొరకలేదు. అటుగా ట్రాక్టర్ మీద వచ్చిన రైతు దగ్గరికి వెళ్లేసరికి పొగే మిగిలింది.

మర్నాడు స్థానిక పత్రిక "ఇంటి తయారీ బండి, ఇంటి తయారీ చావు" అని హెడ్డింగ్ పెట్టింది. రాసిన చెయ్యి పడిపోను.

పత్రికకి తెలియని సంగతి ఒకటుంది. షెబెస్తా చనిపోవడానికి కొద్ది నిమిషాల ముందు, బండి నడుపుతూనే ఒక నంబరుకి ఫోన్ చేశాడు. ఆ నంబరు ఏ డైరెక్టరీలోనూ ఉండదు. "నా బండిలో ఉన్న బ్యాటరీ నాది కాదు" అన్నాడు. అంతే, లైన్ కట్టయింది.

*

బ్రనో నగరంలో గుండీలు అమ్మే కొట్టు పైన, కిటికీలు ఎప్పుడూ తెరవని గదిలో గూఢచారి శాఖ కర్నల్ హావ్రానెక్ ఆ ఫోన్ టేపుని తన మనిషి బోహ్దాన్‌కి రెండుసార్లు వినిపించాడు.

"బోహ్దాన్, నువ్వూ ఈ పిచ్చివాళ్ల జాతేనటగా?"

"నాకూ ఒక బండి ఉంది సార్."

"చట్టప్రకారమేనా?"

"రెండు వందల యాభై వాట్లు. గంటకి ఇరవై అయిదు కిలోమీటర్లు దాటగానే మోటారు గప్‌చుప్. ఆపైన కాళ్లే."

కర్నల్ నవ్వలేదు. ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు. కరెంటు శాఖ మంత్రి. సోమవారం నాడు ఆయన ఒక విదేశీ కంపెనీ కాంట్రాక్టు రద్దు చేస్తూ సంతకం పెట్టబోతున్నాడు. ఆ కంపెనీ వెనక ఒక ముఠా ఉంది. ఆఫీసులో దానికి పెట్టుకున్న పేరు వడ్రంగిపిట్ట.

"ఆదివారం సూర్యోదయం మంత్రి చూడకూడదు. వాళ్ల ప్లాను అది. శనివారం మీ బండ్లవాళ్ల మేళాకి ఆయన ముఖ్య అతిథి. రెండు సీట్ల బండిలో షికారు చేస్తాడు. ఆ బండి నడిపేదెవరో తెలుసుగా?"

బోహ్దాన్ కుబెల్కాకి తెలుసు. నాలుగేళ్లు గరాజ్‌లో కూర్చుని ఆ బండిని చేసింది అతని అక్క బ్లజేనా. పేరు కూడా పెట్టుకుంది, కప్ప అని. అతనికి తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోతే, అన్నీ తానై పెంచింది ఆ అక్కే.

"అక్కకి చెప్పి బండి ఆపించేస్తాను సార్."

"చెప్పవు. ఆవిడ ఆపితే వాళ్లు జాగ్రత్తపడతారు, ఇంకోచోట ఇంకోలా చంపుతారు. మనకి వాళ్లు చేతికి చిక్కాలి."

"మా అక్కని ఎరగా కడుతున్నారా?"

"మంత్రిని కూడా" అన్నాడు కర్నల్, అదేదో సముదాయింపు అయినట్టు.

అప్పుడు తలుపు తెరుచుకుని ఇవెటా వచ్చింది. ఆకుపచ్చ కోటు, చెవులకి ముత్యాలు. ఆవిడ నడిచొస్తే గుమాస్తాలు టైపు కొట్టడం మానేస్తారు. మేళాల్లో బ్యాటరీలు అమ్ముకునే మనిషిగా తిరుగుతూ, మూడేళ్లుగా ముఠాలో ఉండి కబుర్లు మోసుకొస్తున్న డబుల్ ఏజెంటు. కోడ్ పేరు పాలు.

"షెబెస్తా మీద చేసింది రిహార్సల్. మంత్రి విషయంలో మనసు మార్చుకున్నారు" అంది కర్నల్‌తో. "మేళా దారిలో ఎక్కుడు దాటాక కొండ మీద రైలు వంతెన ఉంది చూడండి, అక్కణ్ణించి తుపాకీ. మీ మనుషులందరినీ అక్కడే పెట్టండి. బండి గురించి నాకొదిలెయ్యండి. బ్యాటరీకి నా చేత్తోనే సీలు వేస్తాను."

"మరి నువ్వే అడ్డం తిరిగితే?" అన్నాడు బోహ్దాన్, సరదాకే.

"దానికీ ఒక కోడ్ పెట్టుకోండి" అని నవ్వింది ఆవిడ.

"పాలు విరిగాయి" అన్నాడు కర్నల్. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు గుర్తొస్తే బోహ్దాన్‌కి ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

*

శనివారం ఉదయం. లోయలో పాత పిండిమర ముందు డెబ్భై బండ్లు. ఒకటి దోసకాయలా, ఒకటి చేపలా, ఒకటి ఏమిటో చేసినవాడికే తెలియనట్టు. ఎండ బాగానే ఉంది.

బోహ్దాన్ వేషం సైకిల్ పంపులు అమ్మేవాడిది. గుబురు మీసం, గళ్ల టోపీ. పంపుల్లో ఒకటి పంపు కాదు. దగ్గరలో మందుగుండు ఉంటే దాని పిడిలో ఎర్రదీపం వెలగాలి. షెడ్డులో కాపలా మధ్య ఉన్న కప్ప చుట్టూ రెండుసార్లు తిప్పాడు. పచ్చదీపమే. బ్యాటరీ పెట్టె మీద ఇవెటా వేసిన మైనపు సీలు చెక్కుచెదరలేదు. నిన్న సాయంత్రం ఆ సీలు వేయడానికి ఆవిడకి ఇరవై నిమిషాలు ఇచ్చారట. అయినా మనసు కుదుటపడలేదు.

"ఆ పంపు ఎంత బరువుంటుందండీ?"

వెనక బ్లజేనా. చేతులకి గ్రీజు, జుట్టులో చెక్కపొట్టు.

"మూడు వందల గ్రాములమ్మా" అన్నాడు గొంతు మార్చి.

"రోడ్డు రోలర్‌కి అమ్ముకోండి" అని, అతని మొహం కేసి ఒక్క క్షణం ఎక్కువ చూసింది. "మీ గొంతు ఎక్కడో విన్నట్టుంది." బోహ్దాన్ దగ్గుతూ తప్పుకున్నాడు.

ఈ జనానికి గ్రాముల పిచ్చి. మోటారు బలం చట్టం కట్టేసింది. వేగానికి చట్టం గీత గీసింది. ఇక మనిషి చేతిలో మిగిలింది బరువొక్కటే. అందుకని చెంచాలకి చిల్లులు పెడతారు, దువ్వెనలు సగానికి విరుస్తారు. మేళా రోజు ప్రతి బండినీ పిండిమర తోబియాష్ తాత బస్తాల కాటా మీద తూచి, ముక్కు మీద సుద్దతో బరువు రాయాలి. రాయకుండా ఒక్క బండీ కదలదు. నిరుటి బరువుల జాబితా పిండిమర తలుపుకి ఏడాది పొడుగునా అంటించే ఉంటుంది.

కప్పని తాత తూస్తున్నప్పుడు బ్లజేనా అక్కడ లేదు. మంత్రిగారితో తగువులో ఉంది.

"బూట్లు తీసేయండి. ఫోనూ వద్దు. ఆ గడియారం కూడా."

"ఇది మా ఆవిడ పెట్టిందమ్మా."

"ఆవిడకే ఇచ్చేయండి, భద్రంగా ఉంటుంది."

మంత్రి మేజోళ్లతో, బిక్కమొహంతో ముందు సీట్లో కూర్చున్నాడు. జనానికి కనబడాలని పైమూత తీసేశారు. బ్లజేనా వెనక సీట్లోకి దూరి, కాళ్లు ముందుకు చాపి, చెయ్యి ఊపింది. ముక్కు మీది సుద్దరాత అక్కడినుంచి ఆవిడకి కనబడదు.

పదకొండు గంటలకి జెండా ఊపారు. బండి కదిలింది. మూడు కిలోమీటర్లు అడవిలో పల్లం, ఆ తర్వాత ఎక్కుడు, దాని పైన వంతెన.

బోహ్దాన్ పక్కనే ఇవెటా నిలబడి చప్పట్లు కొడుతోంది. బండి ముందునుంచి వెళ్తుంటే అతను సుద్దరాత చదివాడు. యాభై ఎనిమిది కిలోల ఏడు వందలు.

"నిరుడు కూడా అంతేగా?" అన్నాడు.

"గ్రాము తేడా లేదు" అంది ఇవెటా. ఆ గొంతులో కొంచెం గర్వం పలికింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అక్క ఫోన్ చేసి నలభై నిమిషాలు వాయించింది. పెడల్స్‌కి చిల్లులు పెట్టాను, సీటు వెనక గీకాను, బోల్టులు మార్చాను, మొత్తం మూడు వందల ఎనభై గ్రాములు తగ్గిందిరా అని. అతను ఫోన్ బల్ల మీద పెట్టి బంగాళాదుంపల చెక్కు తీసుకుంటూ ఊ కొట్టాడు. మరి ఆ గ్రాములు ఇప్పుడు ఎలా వెనక్కి వచ్చాయి?

చలికాలం గడిచాక ఏ బండీ పాత బరువుతో మేళాకి రాదు. చేసినవాడి చెయ్యి ఊరుకోదు. బరువు మారకపోవడమంటే ఎవరో సరిపెట్టారన్నమాట. తూకం ఆనవాయితీ తెలిసినవాళ్లు, కానీ అక్క చెయ్యి తెలియనివాళ్లు.

"నిన్న బ్యాటరీ మార్చి, కాటా మీద తలుపు మీది జాబితాకే బరువు సరిపెట్టావు కదూ" అన్నాడు మెల్లగా.

ఇవెటా మొహం మీద నవ్వు అలాగే ఉంది. కళ్లలో మాత్రం లేదు. "ఎక్కుడు మొదలయ్యేదాకా ఏమీ కాదు బోహ్దాన్. మోటారు గట్టిగా లాగితేనే ఆ బ్యాటరీ రగులుతుంది. నువ్వు అందుకోలేవు, ఊరికే ఆయాసపడకు."

షెబెస్తా కాలిపోయిందీ ఎక్కుడు మీదే. అది మందుగుండు కాదు కనక పంపు పచ్చగానే చూపించింది.

"పాలు విరిగాయి" అన్నాడు బోహ్దాన్ కాలరులోని మైకులోకి.

సాసేజీలు కాల్చేవాళ్ల వేషంలో మేళాలో మిగిలిన కర్నల్ మనుషులిద్దరూ పటకారులు పక్కన పడేసి ఇవెటా రెండు చేతులూ పట్టుకున్నారు. చెవిలో కర్నల్ గొంతు వినబడింది. "మేమంతా వంతెన మీద ఉన్నాం. కాలిబాటన కిందికి దిగేసరికి పది నిమిషాలు. ఆవిడ ఎక్కుడుకి చేరేది ఎప్పుడు?"

"అయిదు నిమిషాల్లో."

అక్క దగ్గర ఫోనూ లేదు, రేడియో కూడా లేదు. తొంభై గ్రాములని ఒద్దంది.

*

పంపుల కొట్టు వెనక బోహ్దాన్ సొంత బండి ఉంది, ముల్లంగి ఆకారంలో. దూకి కూర్చున్నాడు. మోటారు తోసింది. ఇరవై, ఇరవై రెండు, ఇరవై అయిదు, అంతే, చట్టానికి తలవంచి ఊరుకుంది. తన చేత్తో బిగించిన ఆ పరిమితిని జీవితంలో మొదటిసారి తిట్టుకున్నాడు. ఇక కాళ్లే గతి.

పల్లంలో డొప్ప గాలిని చీల్చుకుంటూ పోయింది. నలభై. యాభై. మలుపుల దగ్గర అక్క బ్రేకు వేస్తుంది, మంత్రి భయపడతాడని. అతను వెయ్యలేదు. ఒక మలుపులో లోపలి చక్రం గాల్లోకి లేచింది. ఫైల్లో చదివిన షెబెస్తా ఇంటి గుమ్మంలోని చెప్పులు కళ్లముందు కదిలాయి. అక్కకి ఏమైనా అయితే తను మనిషిగా బతకలేడు. తెలిసీ చెప్పలేదు, అంతకన్నా పాపం ఏముంటుంది?

చెట్ల మధ్య కప్ప కనబడింది. పల్లం అయిపోయింది. బండి ఎక్కుడు మీదికి తిరిగింది, మోటారు మూలుగు మొదలైంది. చివరి ఊపుతో పక్కకి చేరాడు.

"అక్కా, బండి ఆపు!"

"ఎవరయ్యా నువ్వు? పంపులు వద్దన్నానుగా."

"ఫిబ్రవరిలో తగ్గించిన మూడు వందల ఎనభై గ్రాములు ఏమయ్యాయి?"

"ఏమవుతాయి, తగ్గాయి."

"తగ్గలేదు. ముక్కు మీద యాభై ఎనిమిది ఏడు వందలు రాసి ఉంది."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నువ్వెవరని కానీ, ఎందుకని కానీ. తన బండిలో తనది కానిదేదో ఉంది, ఆవిడకి ఆ ఒక్క ముక్క చాలు. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక మేకు లాగింది. బ్యాటరీని విడిగా తూచుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. పెట్టె పట్టాల మీద జారి, బండి పొట్టలోంచి రోడ్డు మీద పడింది. అప్పటికే దాని అంచుల్లోంచి పొగ వస్తోంది. రెండు దొర్లు దొర్లి కాలవలోకి పోయింది. తెల్లటి మంట చెట్టెత్తున లేచి, పక్కనున్న పొదలన్నీ మాడ్చేసింది. ఆ వేడికి కప్ప వెనకభాగం రంగు పొక్కిపోయింది.

మంత్రిగారు బండి దిగి, మేజోళ్లతో రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, తన ఫోన్ కావాలన్నాడు, భార్యకి చేస్తాడట.

ఒగర్చుకుంటూ కర్నల్ వచ్చాడు. ఇవెటా చెవిపోగుల్లోని ట్రాన్స్‌మిటర్ దొరికిందనీ, వడ్రంగిపిట్ట మనుషులు నలుగురు దానివల్ల పట్టుబడ్డారనీ చెప్పాడు. "ఆవిడ మాత్రం ఒకటే గొణుగుతోంది. జాబితాలో ఉన్న బరువే కదా పెట్టాను అని."

"చలికాలమంతా నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాననుకుందా?" అంది బ్లజేనా. నిజంగానే మనసు నొచ్చుకుంది.

తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. ఆ గ్రాముల లెక్క ఆవిడ చెప్పింది వాడొక్కడికే.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా. చెప్పొద్దన్నారు. చెప్పలేదు."

ఆవిడ గ్రీజు చేతులు చంకల్లో దాచుకుంది. బోహ్దాన్ తల వంచుకుని నిలబడ్డాడు. చెంప మీద ఒక్కటిచ్చినా పుచ్చుకుందామనుకున్నాడు.

"అయితే ఆ రోజు ఫోన్‌లో నేను చెప్పింది విన్నావన్నమాట."

"విన్నాను."

"అంతా?"

"గ్రాములతో సహా."

బ్లజేనా కళ్లు తుడుచుకుంది. కప్పని ఒక చేత్తో పట్టుకుని, ఎక్కుడు పైకి తోయడానికి తమ్ముణ్ణి రెండోవైపు రమ్మంది. నాలుగడుగులు వేశాక ఆగి, అతని మొహం కేసి చూసింది.

"ఒరేయ్, ఆ మీసం ఎంత బరువుంటుంది?"

"నాలుగు గ్రాములు."

"తీసెయ్. ఊరికే మొయ్యడమెందుకు."