పదకొండు కప్పుల కోసం

“మీ కప్పులు పరమ చెత్త!”

గురువారం సాయంత్రం. గల్ఫ్ నగరంలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని ప్రింటింగ్ సామాన్ల దుకాణంలో అపూర్వ సంచీలోంచి ఎనిమిది తెల్ల కప్పులు తీసి కౌంటరు మీద పెట్టింది. ఒక్కోదాని మీద ఒక్కో మనిషి ఫొటో. ఒకాయనకి రెండు ముక్కులు. ఒకాయన ముఖం సగం మాసిపోయింది. మరొకాయన పొగమంచులో నిలబడ్డట్టున్నాడు.

కౌంటరు వెనక గజేందర్ నవ్వు ఆపుకున్నాడు. అది ఆమె కంటపడనే పడింది.

“నవ్వుతారేం? ఆదివారం వీళ్ళకి ఫేర్‌వెల్!”

“కప్పులది కాదు మేడం తప్పు. కప్పుల మీద ఫొటోలేసుడు కొత్తగ మొదలువెట్టిన్రా?”

“అయితే? కొత్తవాళ్ళని మోసం చెయ్యొచ్చా?”

అతను ఒక్కో కప్పూ లైటు కింద తిప్పి చూశాడు. “కప్పుకి ఫొటో కాయితం అంటించిన టేపు వదులైతే, వేడికి కాయితం జరుగుతది. అందుకే రెండు ముక్కులు. వేడి ప్రెస్సు సరిగ బిగియ్యకుంటే ఇట్ల సగం మాస్తది. గీ మచ్చలు తేమవి. కాయితం ప్యాకెట్ తెరిచే పెడుతున్నరా?”

ప్యాకెట్ వారం రోజులుగా కిటికీ దగ్గరే ఉంది. అపూర్వ చెంపలు ఎర్రబడ్డాయి.

“మా ఇల్లు అల్ వక్రాలో. సముద్రం గాలి వస్తే అదీ నా తప్పేనా?” అంటూ పొగమంచు కప్పు ముందుకు తోసింది. “సరే, దీనికేం చెబుతారు? కొత్త కాగితం, గట్టిగా టేపు, నూట ఎనభై డిగ్రీలు, మూడు నిమిషాలు. అన్నీ సరిగ్గా చేశాను!”

గజేందర్ బొమ్మ మీద గోటితో గీకాడు. రంగు పొడిలా రాలింది. అతని ముఖంలో నవ్వు పోయింది. అదే రకం కప్పుల డబ్బా కొత్తది విప్పి, షాపు మెషీన్ మీద తనే ఒక పువ్వు బొమ్మ వేశాడు. అదీ గోటికి ఊడొచ్చింది.

“డబ్బాల కోటింగ్ లేని కప్పులు కలిపిన్రు. కోటింగ్ లేకుంటే రంగు అంటుకోదు.”

“అంటే నాదే రైటు!”

“సగం రైటు.”

లోపల్నుంచి ఓనరు హారిస్ వచ్చాడు. “మాఫీ రిటర్న్! వాపసు లేదు. గజేందర్, యల్లా, పని చూస్కో.”

గజేందర్ కదల్లేదు. హిందీలో గొంతు పెంచాడు. డబ్బా మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి పెట్టి అమ్మడం ఏం వ్యాపారమని అందరి ముందే అడిగాడు. షాపులో ఉన్న నలుగురూ తమ చేతుల్లోని డబ్బాలు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. హారిస్ పళ్ళు నూరుతూ వేరే రకం డబ్బా ఒకటి తెచ్చి కౌంటరు మీద పడేశాడు.

ఇద్దరూ బయటికొచ్చాక అపూర్వ గొంతు తగ్గింది. “మీ ఉద్యోగం పోతే?”

“ఇంకోటి చూసుకుంట. ఇంతకీ ఎవరు వీళ్ళు?”

ఆ ప్రశ్నతో ఆమెకు మళ్ళీ కోపమొచ్చింది. “మా ప్రాజెక్టులో పనిచేసినవాళ్ళు. నేనక్కడ డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. పని అయిపోయింది, ఇంజనీర్లకి గాజు మెమెంటోలు ఇస్తున్నారు. ఎండలో కట్టిన పదకొండు మందికి మాత్రం ఏమీ లేదు! అడిగితే, లేబర్‌కి ఇచ్చే అలవాటు లేదన్నారు. అలవాటేంటండీ, అలవాటు! నేనే ఇస్తానని చెప్పి మెషీన్ కొన్నాను.”

గజేందర్ ఆమె చేతిలోని డబ్బా అందుకున్నాడు.

“మా నాయన గూడ ఈడ సైట్ల పద్దెనిమిదేండ్లు చేసిండు. ఇంటికి వచ్చేనాడు బస్సెక్కించిన్రు, అంతే. రేపు సెలవు. నేనొచ్చి చేస్త.”

శుక్రవారం పొద్దున్నే అపూర్వ ఇంటికి వచ్చాడు. అపూర్వ తండ్రి ఆనందరావు కళ్ళజోడు సవరించుకున్నాడు.

“ఎవరమ్మా ఈ అబ్బాయి?”

“నిన్న నేను తిట్టొచ్చానే, ఆయన.”

అతను టేపు పట్టి లాగుతుంటే ఆమె కాగితం నొక్కి పట్టుకుంది. వేళ్ళు తగిలినప్పుడల్లా ఇద్దరూ టైమరు వైపు చూశారు. మొదట ఆ పదకొండు మందిలో పెద్దవాడైన పోశన్న ముఖం వచ్చింది. నుదుటి మీది గీతలతో సహా, స్పష్టంగా.

ఆదివారం లేబర్ క్యాంపులో పోశన్న ఆ కప్పును రెండు చేతులా పట్టుకున్నాడు. “గీన నేనేనా? దీంట్ల చాయ్ పొయ్య బుద్ధయితలేదు బిడ్డా.” కప్పు పైకెత్తి పక్కవాళ్ళకు చూపించాడు. అపూర్వ ముఖం తిప్పుకుంది. పక్కనే నిలబడ్డ గజేందర్‌కీ కళ్ళు తడిశాయి.

ఆ రాత్రి అతను ఆమెను ఇంటిదాకా దింపాడు. మెట్ల దగ్గర, “ఇగ పోత మేడం” అన్నాడు.

“అంతేనా? మళ్ళీ చూడాలంటే నేనింకో ఎనిమిది కప్పులు పాడుచెయ్యాలా?”

“మీరు ఆఫీసుల పనిచేసేటోళ్ళు. నేను షాపుల. మీ ఇంట్ల ఏమనుకుంటరు? మీకైనా నేను...”

“నాకెవరు నచ్చాలో మీరే తేల్చేస్తారా? నన్ను అడగరా?” అపూర్వ గొంతు మెట్లన్నీ ఎక్కింది. “మూడు రోజులుగా చూస్తున్నాను, చెబుతారేమోనని!”

“చెప్పనిస్తేనా మీరు!” ఈసారి గజేందర్ గొంతూ లేచింది. “మీరంటే నాకిష్టం. కప్పులు కౌంటర్ మీద పెట్టి కొట్లాడినప్పటి సంది ఇష్టం. సరేనా?”

“సరే!” అంది ఆమె, అంతే కోపంగా.

పైన తలుపు తెరుచుకుంది. ఆనందరావు రెయిలింగు మీంచి వంగి చూశాడు.

“మెట్ల మీద అరిస్తే బిల్డింగంతా వినపడుతోంది. పైకొచ్చి పోట్లాడుకోండి. మీ అమ్మ అతనికీ కంచం పెట్టింది.”