మూడో నంబర్ కుక్కర్

రాత్రి రెండింటికి మూడో నంబర్ కుక్కర్ దగ్గర ఎవరూ ఉండకూడదు... ఉంటే మనిషి దక్కడని ఆ ఫ్యాక్టరీలో గట్టిగా చెప్పుకునేవారు. నేను కళ్ళారా చూడలేదు. అక్కడ పనిచేసిన మా చిన్నాన్న చెప్పిందే చెబుతున్నా. ఆయన కోతలు కోసే రకం కాదు.

కుక్కరంటే వంటింట్లోది కాదు, మనిషి పట్టేంత ఇనప పీపా. సీలేసిన బఠాణీ డబ్బాలు అందులోకి తోసి, తలుపు బిగించి, డెబ్భై నిమిషాలు ఆవిరి పెట్టాలి. కంటికి కనపడని క్రిములన్నీ చస్తేనే సరుకు ఏడాది నిలుస్తుంది.

ఆ మూడో నంబర్ ముందు కుర్చీలో టైము చూస్తూ ఇరవై ఏళ్ళు కూర్చున్న పెద్దాయన, ఒక రాత్రి సరిగ్గా రెండింటికి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిపోయింది, పాపం.

పది రోజులకి మొదలైంది... టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ — టక్... టక్. ఎవరో కుక్కర్ లోపల్నుంచి వేలితో కొడుతున్నట్టు.

ఇంకేముంది, పెద్దాయన దెయ్యమయ్యాడన్నారు. కుండకి మూకుడు పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా? ఆయన భార్య అక్కడే లేబుళ్ళు అంటించేది. ఆవిడ క్యారేజీ విప్పితే చాలు, అందరూ అవతలి బల్లకి లేచిపోయేవారు. జనం భయపడుతున్నారు, నెలాఖరుకి మానెయ్యమని మేనేజర్ కూడా చెప్పేశాడు. ఆ జీతం తప్ప ఆవిడకి వేరే దిక్కు లేదు.

ఆవిడ మా చిన్నాన్నని పక్కకి పిలిచింది. "తమ్ముడూ, ఆయన బతికుండగా చీమకి కూడా అపకారం చెయ్యలేదు. నువ్వొక్కసారి వెళ్ళి చూసి రా."

చిన్నాన్నకీ ప్రాణం తీపే. అయినా వెళ్ళాడు. రెండయింది. కుర్చీ ఖాళీ. వేడి తగలకుండా కుక్కర్ దగ్గరగా చెవి పెట్టాడు... చప్పుడు లేదు.

టక్ — వెనక. గోడ అవతల్నుంచి.

గోడౌన్ తలుపు తీసి టార్చి వేశాడు. వరసలుగా పేర్చిన డబ్బాలు. చూస్తుండగానే ఒకదాని మూత ఉబ్బి పైకి లేచింది — టక్. దాని పక్కది... టక్. లోపల సరుకు కుళ్ళి గాలి పుడుతోంది.

చిన్నాన్నకి సంగతంతా అర్థమైపోయింది. ఆ పాపంలో ఆయనకీ వాటా ఉంది మరి. పెద్దాయన పోయిన మర్నాటి నుంచే, రెండింటికి ఆ కుర్చీ దగ్గర ఉండాలంటే అందరికీ హడలు. ఒంటిగంటకి పెట్టిన ఆవిరిని ఇరవై నిమిషాలు ముందే కట్టేసి పారిపోయేవారు. డెబ్భై నిమిషాలూ పెట్టినట్టు రిజిస్టర్లో ముందే రాసేసుకునేవారు.

తెల్లారి చెబితే మేనేజర్ గది తలుపు వేశాడు. ఉబ్బినవన్నీ పూడ్చేయించమన్నాడు. బయటికి పొక్కితే ఫ్యాక్టరీ మూసుకోవాల్సిందే, కాబట్టి దెయ్యమనే అనుకోనివ్వమన్నాడు. మరి ఇప్పటికే లారీలెక్కి పోయినవో? అని చిన్నాన్న అడిగితే, వెళ్ళి పని చూసుకోమన్నాడు.

చిన్నాన్న కూడా ఉద్యోగానికి భయపడి నోరు మూసుకున్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అదే నిజం. నెలాఖరుకి ఆవిడని పంపించేశారు. గేటు దగ్గర ఆవిడకొక్కదానికే అంతా చెప్పి, చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఆవిడ చేతులు విడిపించుకుంది.

"నిజంగా దెయ్యమైనా బాగుండేదయ్యా... టైమవ్వకుండా ఒక్కణ్ణీ ఆవిరి కట్టనిచ్చేవాడు కాదు."