దయ్యాలు తీర్పు చెప్పిన బల్ల

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఎగ్జిబిషన్లకు సెట్లు వేసే ఒక రేకుల షెడ్డులో హన్మంతు పద్నాలుగేళ్లుగా వడ్రంగి పని చేస్తున్నాడు. సొంతూరు మెట్‌పల్లి పక్కన. చదువు రాదు గానీ, ఫోటో చూపిస్తే చాలు, ఏ చెక్క సామానైనా అచ్చు అట్లాగే దించేస్తాడు. అందుకే రెండువేల ఇరవైమూడు జూన్‌లో పోలండ్ నుంచి వచ్చిన బోజెనా మేడం ఒక బల్ల పని అతనికే ఇవ్వాలని పట్టుబట్టింది.

ఆమెది లుబ్లిన్ అనే ఊరు. మన కరీంనగర్ అంత ఉంటుందేమో. ఆ ఊరి గురించి దుబాయ్‌లో ఒక ప్రదర్శన పెడుతున్నారు. ఫోన్లో ఒక్కో ఫోటో చూపిస్తూ ఆమె ఇంగ్లీషులో చెప్తుంటే, ఫోర్మన్ తబ్రేజ్ దాన్ని హిందీలోకి మార్చాడు. గుట్ట మీద తెల్లటి కోట. అది చాలా ఏళ్లు జైలుగా ఉందట. కోటలో ఒక పాత చర్చి, లోపల గోడల నుంచి కప్పుదాకా బొమ్మలే. ఒక సందులో వీధి దీపం. యుద్ధంలో ఆ పక్కనున్న యూదుల పేట మొత్తం తుడిచిపెట్టుకుపోతే, వాళ్ల గుర్తుగా ఆ దీపాన్ని పగలు కూడా ఆర్పరట. చివరి ఫోటో ఒక పాత బల్లది, ప్రదర్శనకు అచ్చు అట్లాంటిదే కావాలట. దాని మీద చెక్కలోకి దిగేలా కాలిన చెయ్యి గుర్తు.

ఆ గుర్తు కథ కూడా ఆమె చెప్పింది. నాలుగువందల ఏళ్ల కింద ఆ ఊళ్లో పెద్ద కోర్టు ఉండేదట. మొగుడు పోయిన ఒక ఆడమనిషి తన భూమి కోసం ఒక దొర మీద కేసు వేసింది. జడ్జీలు దొర దగ్గర లంచం తిని ఆమెను ఓడగొట్టారు. దయ్యాలు కూర్చుని విచారించినా నాకు ఇంతకంటే మంచి న్యాయం జరిగేదని ఆమె ఏడ్చిందట. ఆ రాత్రే కోర్టు ముందు గుర్రపు బండ్లు ఆగాయి. దిగినవాళ్ల జుట్టు కింద కొమ్ములున్నాయి. వాళ్లు కేసంతా మళ్లీ విని, ఆమె గెలిచిందని తీర్పు రాసి, సంతకానికి బదులు బల్ల మీద అరచెయ్యి ఆనించి పోయారట.

నవ్వుతూ మొదలుపెట్టిన తబ్రేజ్, మొగుడు పోయిన మనిషి దగ్గరికి వచ్చేసరికి నెమ్మదించాడు. హన్మంతు వైపు చూడకుండా మిగతాది ముగించాడు. ఎందుకో హన్మంతుకు తెలుసు.

జనవరిలో అదే షెడ్డులో అంజి చచ్చిపోయాడు. హన్మంతుకు వరసకు తమ్ముడు. ప్లైవుడ్ షీట్ల కట్టను గొలుసుతో పైకి లేపుతుంటే గొలుసు తెగి అతని మీద పడింది. ఆ గొలుసు అరిగిపోయిందని హన్మంతే రెండుసార్లు తబ్రేజ్‌కు చెప్పాడు. ప్రమాదం చూసినవాడు కూడా హన్మంతు ఒక్కడే. మూడోనాడు తబ్రేజ్ అరబ్బీలో రాసిన కాగితం తెచ్చాడు. అంజి తాగి వచ్చి, వద్దంటున్నా కట్ట కిందికి పోయాడని అందులో ఉందని చెప్పాడు. వేలిముద్ర వెయ్యకపోతే షెడ్డు మూతపడుతుందని, అందరూ ఇంటికి పోవాల్సిందేనని కూడా చెప్పాడు. హన్మంతు బొటనవేలు ఇంకులో అద్దాడు.

ఆ తర్వాత అంజి భార్య ప్రేమ ఊరినుంచి ఫోన్ చేసింది. తాగి చచ్చాడని ఊరంతా అంటున్నారని, నిజమేనా బావా అని అడిగింది. హన్మంతు ఏదో నసిగి పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అయిదు నెలలుగా ఎత్తలేదు.

బల్ల తయారయింది. చెయ్యి గుర్తు కాల్చడం ఒక్కటే మిగిలింది. శుక్రవారం మధ్యాహ్నం హన్మంతు దానికోసం ఒక్కడే షెడ్డుకు వచ్చాడు. తబ్రేజ్ జుమ్మా నమాజుకు పోయాడు. మిగతావాళ్లు క్యాంపులో నిద్రలో ఉన్నారు. వీధిలో ఒక్క లారీ కదలడం లేదు. ఎండకు పైరేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. ఇసుకగాలి లేస్తోందని షట్టర్‌ను మోకాలెత్తు దాకా దించాడు. లోపల పొయ్యిలో ఉన్నట్టు వేడి, చీకటి. చెక్కపొట్టు వాసన, వార్నిష్ వాసన.

చెయ్యి ఆకారంలో కోసిన ఇనుప అచ్చును బల్ల పక్కన పెట్టాడు. గ్యాస్ టార్చి చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్ ఆగాక తెలిసింది, షెడ్డులో ఇంకో చప్పుడు ఉందని.

బట్ట రాసుకుంటున్న చప్పుడు. బరువైన బట్ట. బల్ల చుట్టూ ఎవరో సర్దుకుంటున్నట్టు... ఒకరు కాదు.

కాలిన వాసన వచ్చింది. టార్చి ఇంకా వెలిగించనే లేదు.

కాగితం తిప్పిన చప్పుడు. ఎవరో చదవడం మొదలుపెట్టారు. తెలుగు. తన ఊరి తెలుగు.

“...ఆ పొద్దు అంజి తాగి వచ్చిండు...”

హన్మంతు వేళ్లలోంచి టార్చి జారి కింద పడింది. ఆ గొంతు తనదే.

“...కట్ట కిందికి పోవద్దని చెప్పిన... ఇన్లే...”

ఒక్కో మాట తర్వాత బల్ల మీద గోటితో కొట్టినట్టు... టక్. మళ్లీ టక్.

షట్టర్ వైపు తిరిగాడు. కింద ఎండ గీత కనిపిస్తోంది. ఆ గీతకు అడ్డంగా, లోపలివైపు, రెండు కాళ్లు. ఒక కాలికే బూటు ఉంది. అంజిని కట్ట కిందినుంచి తీసినప్పుడు రెండో బూటు ఎంత వెతికినా దొరకలేదు.

చెవి పక్కన వేడి ఊపిరి తగిలింది.

“నిజమేనా?”

నిజమే అందామనుకున్నాడు. నోరు తెరిచాడు. నాలుక మీద బూడిద రుచి... గొంతులో పొగ... మాట రాలేదు.

“నిజమేనా?”

“కాదు.” ఏడుపు తన్నుకొచ్చింది. “వాడు తాగలే. గొలుసు పాడైందని నాకు ఎరుకే.”

టక్‌టక్‌లు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఏదో సుర్రుమంది. కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది. షట్టర్ దగ్గర ఎవరూ లేరు. బల్ల మీద మాత్రం చెయ్యి గుర్తు పడి ఉంది, పొగలు కక్కుతూ. ఇనుప అచ్చు చల్లగా, పెట్టిన చోటే ఉంది.

మర్నాడు బోజెనా మేడం ఫోటో పక్కన పెట్టుకుని చూసి చాలా బాగుందని మెచ్చుకుంది. అయితే గుర్తు మీద చెయ్యి పెట్టి చప్పున వెనక్కి లాక్కుంది. రాత్రంతా గడిచినా ఇంకా ఎందుకు వేడిగా ఉందని అడిగింది.

సోమవారం అతను ఇమామ్ హుస్సేన్‌ను వెంటబెట్టుకుని లేబర్ ఆఫీసుకు పోయాడు. కార్మికులకు కాగితాల పనుల్లో సాయపడే నిజామాబాద్ మనిషి అతను. హన్మంతు జరిగింది జరిగినట్టు చెప్తే అతను అరబ్బీలో చెప్పాడు. వాళ్లు కేసు మళ్లీ తెరుస్తామన్నారు. సాయంత్రానికి ఆ సంగతి తబ్రేజ్‌కు తెలిసింది. నీ పని ఖలాస్ అని ఒక్క మాట అని మొహం తిప్పుకున్నాడు. హన్మంతుకు బాధ అనిపించలేదు. క్యాంపుకు వచ్చి, మంచం మీద కూర్చుని, అయిదు నెలల తర్వాత ప్రేమకు తానే ఫోన్ చేశాడు.

“అంజి తాగలేదు బిడ్డా. నేనే అబద్ధం చెప్పిన. ఇయ్యాల ఆఫీసుల నిజం చెప్పి వచ్చిన.”



“ఎరుకే బావా,” అంది ప్రేమ. “మీ ఆఫీసోళ్లు శుక్రవారమే వచ్చి పోయిండ్రు గదా.”

ఏ ఆఫీసువాళ్లని అడిగాడు. ఆమెకు పేర్లు తెలియవు. ఏడుగురు వచ్చారట. అంత ఎండలో కూడా కోట్లు వేసుకున్నారట. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్లు ముట్టలేదు. ఒక్క కుర్చీ తెచ్చి వాకిట్లో వెయ్యమన్నారు. వేసింది. ఆ ఏడుగురూ దాని చుట్టూ నిలబడి ఏదో అడిగేవాళ్లట. ఆగి, చెవి పెట్టి, రాసుకునేవాళ్లట. గంటసేపు అట్లాగే సాగింది. పోతూ పోతూ అంజి తాగలేదని తేలిందని ఆమెకు చెప్పారట. అక్కడి పద్ధతి అట్లా ఉంటుందేమో అనుకుంది ఆమె.

హన్మంతు గొంతు తగ్గించాడు. “ఆ కుర్చీల ఎవరు కూసున్నరు?”

“ఎవరు లేరు బావా.” ఆమె కూడా గొంతు తగ్గించింది. “ఉత్త ప్లాస్టిక్ కుర్చీ. గని అది ఇంకా వాకిట్లనే ఉన్నది. నలుగురం పట్టినా లేస్తలేదు.”