వెనక మెట్ల మీద ఏడ్చే మనిషి

ఆ ఇంటి వెనక మెట్ల మీద చీకటి పడినాక ఎవరో ఏడుస్తారు... ఏ భాషలో ఏడుస్తారో మాత్రం ఆ ఊర్లో ఎవరికీ తెలీదు.

ఊరంటే మన ఊరు కాదు. ఇంగ్లండులో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడి చర్చి వాళ్లకు పాత రాతి మిద్దె ఒకటుంది. బయటి నుంచి వచ్చే పిల్లలను అందులోనే దించుతారు. ముందరి మెట్లు అందరూ తొక్కుతారు. వెనక మెట్లు — పొద్దు పోతే ఎవరూ తొక్కరు.

ఈ సంగతి నాకు చెప్పింది సుస్మిత. జమ్మలమడుగు పిల్ల. ప్రొద్దుటూరులో ఇద్దరమూ ఒకే బడిలో పాఠాలు చెబుతాము, ఒకే బస్సులో పోయి వస్తాము. ఇన్నేళ్లూ నోరు విప్పలేదు. పోయిన వారం ఒక అమ్మాయి ఆమెను వెతుక్కుంటూ వచ్చిపోయినాక, బస్సు కిటికీ వైపు చూస్తూ మొత్తం చెప్పింది.

అప్పుడు సుస్మిత పదో తరగతి. క్రిస్మస్‌కు పాటలు పాడడానికి మన జిల్లా మిషన్ బడుల పిల్లలను ఆ చర్చి వాళ్లు పిలిపించుకున్నారు. వెంట సంగీతం టీచరు రత్నమణి మేడం. చలికి ఈ పిల్లకు ఒక స్వెట్టరు చాలక రెండు తొడుక్కుని తిరిగేదంట.

దిగిన రోజే ఆ ఇంటిని చూసుకునే ముసలామె, మార్గరెట్, మేడాన్ని పక్కకు పిలిచి ఏదో చెప్పింది. మేడం పిల్లలతో ఒక్క మాటే అనింది.

"చీకటి పడినాక వెనక మెట్లెక్కగాకండి. పాతవి, జారతాయి."

అసలు మాట ఆ ఊరి పిల్లలే గుసగుసగా చెప్పినారు. ఎవరో ఏడుస్తారని... ఎన్ని భాషలొచ్చినోళ్లు విన్నా ఒక్క ముక్క అర్థం కాలేదని.

పాటల రోజు వచ్చింది. కట్టుకోవాల్సిన తెల్ల ఓణీ పై అంతస్తులో ఇస్త్రీ గదిలో ఉండిపోయింది. ముందరి మెట్ల నిండా మనుషులు, కుర్చీలు దించుతున్నారు. సుస్మిత వెనక మెట్లెక్కింది. చీకటి ఎక్కడ పడింది, ఇంకా మధ్యాహ్నమే కదా అనుకుంది. మనకు ఆ పొద్దుకు ఎండ వీపు కాలుస్తుంటుంది. అక్కడ డిసెంబరులో నాలుగింటికే చీకటి. ఆ సంగతి తలకెక్కలేదు.

ఎక్కేటప్పుడు కిటికీలో కొంచెం వెలుతురుంది. ఓణీ తీసుకుని తిరిగొచ్చేసరికి... లేదు.

గోడ పట్టుకుని దిగింది. ఒక మలుపు. ఇంకో మలుపు. కాలి మేజోడు తడిసింది. మెట్టు మీద ఏదో ఒలికుంది. అంత చలిలో — వెచ్చగా.

అప్పుడు వినపడింది. ఏడుపు. పెద్ద ఏడుపు కాదు, ఏడ్చి ఏడ్చి అలిసిపోయినాక మిగిలే మూలుగు. ఆ మూలుగులో మాటలు.

"యాడికి పోవాల... యా దోవన పోవాల దేవుడా..."

ఊర్లో ఎవరికీ అర్థం కాని మాట... సుస్మితకు అర్థమైంది. పక్కింటి మనిషి మాట్లాడినట్టే ఉంది.

"ఎవరక్కా?" అనింది. ఎట్లా అనిందో ఆమెకే తెలీదు.

ఏడుపు ఆగిపోయింది. తర్వాత, చెవి పక్కనే —

"యా ఊరు పాపా మీది?"

"జమ్మలమడుగు."

ఊపిరి గట్టిగా లోపలికి పీల్చిన చప్పుడు.

"పెన్నలో నీళ్లు పారతాండాయా?"

సుస్మిత తలూపింది. ఆ చీకట్లో ఎవరికి కనపడుతుంది? గొంతు మాత్రం చూసినట్టే మాట్లాడింది. ముసలి గొంతు కాదు. ఇరవై ఏళ్లుంటాయేమో.

"దొరసాని బిడ్డకు పాలియ్యల్లని పిల్చుకోనొచ్చినారు. ఆర్నెల్లలో పంపిస్తామన్యారు. నా బిడ్డ ఆడే ఉండాది పాపా. చేతుల్లో బిడ్డ. దానికి పాలు ఎవరిస్తాండారో... కనుక్కోనొచ్చి చెప్తావా?"

కింద నుంచి రత్నమణి మేడం కేక. "సుస్మితా... యాడుండావు? సుస్మితా..."

ఏం చెయ్యాలి? చెయ్యి పట్టుకుని పిల్చుకుపోవడానికి చెయ్యి లేదు. మనమంతా ఇంటి నుంచి కదిలేటప్పుడు అనేదే నోట్లో నుంచి వచ్చింది.

"వస్తాక్కా."

దిగి పరుగెత్తింది. వెలుగులో చూసుకుంటే మేజోడు మీద తెల్లటి తడి. పాల వాసన.

ఆ సాయంత్రం పాట పాడలేకపోయింది. మరుసటి రోజు మార్గరెట్‌ను అడిగితే తెలిసినంత చెప్పింది. ఎప్పుడో ఇండియా నుంచి తిరిగొచ్చిన పాదిరి కుటుంబమొకటి ఆ ఇంట్లో ఉండేది. వెంట ఒక ఆయాను తెచ్చుకున్నారు. మొదటి చలికాలమే ఆమె చనిపోయింది. ఎక్కడ పూడ్చినారో, పేరేందో... ఎవరికీ తెలీదు.

బస్సెక్కేటప్పుడు ఆ మెట్ల వైపు తలుపు దాకా పోయిందంట సుస్మిత. తాళం వేసుంది.

ఊరికొచ్చినాక ఊరుకోలేదు. జమ్మలమడుగులో పండుముసలివాళ్లనంతా అడిగింది. ఏ మనిషి, ఏ ఇంటి మనిషి అని వాళ్లు తిరిగి అడిగేవాళ్లు. ఏం చెప్తుంది? భయంలో పేరు అడగడమే మరిచిపోయింది. సమాధుల తోటంతా తిరిగింది. పాత గుంతల మీద సగానికి రాళ్లే లేవు. మళ్లీ పోదామంటే పిలిచేవాళ్లు లేరు. కరోనాతో ఆ యాత్రలే నిలిచిపోయినాయి.

పోయిన డిసెంబరులో మళ్లీ మొదలైనాయి. పులివెందుల నుంచి తనూజ అనే అమ్మాయి పోయొచ్చింది. పోయిన వారం మా బడికి వచ్చింది ఆ అమ్మాయే. రత్నమణి మేడాన్ని అడిగి, అడ్రసు పట్టుకుని వచ్చింది.

నేను అక్కడే ఉన్నాను. స్టాఫ్ రూములో కూర్చోమన్నా కూర్చోలేదు.

"నువ్వేనా అక్కా సుస్మితంటే? ఎవరికన్నా వస్తానని చెప్పినావా?"

సుస్మిత చేతిలో చాక్‌పీసు విరిగింది.

"మాది పులివెందులని చెప్పినాక్కా ఆ మెట్ల మీద ఆమెకు," అనింది తనూజ. "ఆ పాప బయలుదేరిందా అని అడిగింది. మేముండే అన్ని దినాలూ, పొద్దు పోతే అదే మాట. ఏం చెప్పల్లో తెలీక దుప్పటి కప్పుకోని పండుకుంటాంటి."

సుస్మిత చాక్‌పీసు ముక్కలు బల్ల మీద పెట్టింది.

"పేరు... ఆమె పేరు అడిగినావా పాపా?"

"అడిగినా. పేరు చెప్తే వెతుకుతాం, చెప్పక్కా అని బతిమాలినా." తనూజ కళ్లు నేల మీద ఉన్నాయి. "గుర్తులేదంట. బిడ్డ పేరూ గుర్తులేదంట..."

గది బయట పిల్లలు గంట కొట్టకముందే అరుస్తున్నారు.

"ఆమెకు నీ పేరొక్కటే గుర్తుండాదక్కా."