గేటు పెట్టెలో లేని గదులు

వదినకు మరిదితో ఒకటే బాధ. లోకమంతా కొనుక్కుని వాడుకునే వస్తువును అతను సొంతంగా చేస్తేగానీ ఊరుకోడు. అతను చేసిన స్టూలు మీద ఒకరు కూర్చోవాలంటే ఇంకొకరు దాన్ని పట్టుకోవాలి. గూఢచారి శాఖలో సాంకేతిక నిపుణుడిగా చేరాక ఆ జబ్బు ప్రభుత్వ ఖర్చుతో ముదిరింది. అదే శాఖలో ఆవిడ ఏజెంటు. అతను పిలిచే పిలుపే ఆవిడకు కోడ్ నేమ్ అయి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. శాఖకు రహస్య సంకేతాలు విప్పిపెట్టే పెద్దాయనను విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. అంబులెన్సులో పడుకోబెట్టి ఓడరేవు గేటు దాటిస్తారు. ఓడ ఎక్కించారంటే ఇక ఆశ లేదు. పెద్దాయన మరిదికి కన్నతండ్రి, వదినకు మామగారు.

గేటును నడిపే కంప్యూటర్ ముఠా గుప్పిట్లో ఉంది. దాన్ని పీకేసి, మరిది తయారుచేసిన సబ్బుపెట్టెంత యంత్రాన్ని బిగించాలి. అందులో యంత్రాన్ని నడిపేది అతను ముక్కముక్కా కూర్చి కట్టిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. అది బూట్ అయి పని మొదలుపెడితే గేటు అడ్డకర్ర దిగుతుంది.

వదిన క్లీనర్ యూనిఫాం తొడుక్కుని, బకెట్లో ఆ యంత్రమూ ఒక కీబోర్డూ దాచుకుని, నడుంనొప్పి నటించే అవసరం లేకుండానే గేటు గదికి చేరింది. లోపల ఎర్ర కోటు, ఎత్తుమడమల చెప్పులు, ఖరీదైన సెంటు. ముఠాకూ శాఖకూ ఒకేసారి పనిచేస్తున్న సుందరి.

"నల్ల సబ్బు ఉందా?" అని శాఖ సంకేతవాక్యం విసిరింది వదిన.

"తెల్లదే మిగిలింది," అంది సుందరి, చెప్పులు విప్పి పాదాలు ఒత్తుకుంటూ. "కానివ్వండి. ఇవాళ నేను ఎవరి పక్షమో ఆలోచించే ఓపిక కూడా లేదు."

కొత్త యంత్రం బిగించాక, దాని అరచేతంత స్క్రీను మీద అక్షరాలు పరుగెత్తి టక్కున ఆగిపోయాయి. లేవగానే ఏమేం చెయ్యాలో చెప్పే బూట్ స్క్రిప్టు దొరకలేదట. గేటు ఆకాశంకేసి చూస్తూ నిలబడే ఉంది.

ఇయర్‌పీసులో మరిది, స్క్రిప్టు పెట్టానని ఒట్టేశాడు. కేబుల్ వదులైందేమో అన్నాడు, తర్వాత కరెంటు అన్నాడు, చివరికి వదిన చెయ్యి మంచిది కాదేమో అన్నాడు. ఆవిడ వినడం మానేసి, ఫైళ్లు కాపురముండే గదుల్లాంటి డైరెక్టరీలన్నీ తెరమీదికి తెప్పించింది. ప్రాక్ లేదు, సిస్ లేదు. బూట్ అయ్యేటప్పుడు లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ ఇచ్చే సమాచారం వచ్చి దిగడానికి ఆ రెండూ ఖాళీగా కాచుకుని ఉండాలి.

"ఏం నాయనా, ఏమైనా తీసేశావా?"

"సైజు తగ్గాలని ఖాళీ డైరెక్టరీలు తుడిచేశా. వాటిలో ఏముంది వదినా, ఏమీ లేదుగా."

"బూట్ స్క్రిప్టు ఉండే ఇనిట్ డాట్ డి కూడానా?"

"అప్పటికి అదీ ఖాళీయే. స్క్రిప్టు తర్వాత అందులోకి కాపీ చేశా."

వదినకు విషయం బోధపడింది. డైరెక్టరీ లేని చోటికి కాపీ చేస్తే లినక్స్ తగువు పెట్టుకోదు, ఆ పేరుతోనే ఫైలు చేసిపెడుతుంది. చూస్తే అదే జరిగింది. అద్దెకొచ్చినవాడు ఇల్లు కనపడక, ఇంటి నంబరు మెడలో తగిలించుకుని వీధిలో కూర్చున్నట్టు, స్క్రిప్టే ఇనిట్ డాట్ డి అయి కూర్చుంది.

సైరన్ దగ్గరైంది. వదిన స్క్రిప్టుకు అసలు పేరు పెట్టి, ఇనిట్ డాట్ డి డైరెక్టరీ సృష్టించి, దాన్ని అందులోకి నెట్టింది. ప్రాక్, సిస్ కూడా చేసింది. రీబూట్ కొట్టింది.

సుందరి ఫోను మోగింది. అంబులెన్సు డ్రైవరు గేటు తెరిచే ఉందా అని అడుగుతున్నాడు.

"తెరిచే ఉంది, రండి," అంది సుందరి. అప్పటికి అది నిజమే.

అంబులెన్సు ముక్కు గేటు కిందికి వచ్చేసరికి అడ్డకర్ర దిగి దాని బానెట్ మీద వాలింది. కూలీల వేషంలో ఉన్న శాఖ మనుషులు తలుపులు లాగేశారు.

మామగారు దుప్పటి కప్పుకునే గదిలోకి వచ్చి, ఒక్క గేటు దించడానికి ఇంతసేపేమిటని కోడలిని నిలదీశారు. తన చిన్నకొడుక్కి అప్పగించి ఉంటే చిటికెలో అయ్యేదట. వదిన ఇయర్‌పీసు తీసి ఆయన చెవిలో పెట్టింది.

అవతల మరిది గొంతు సవరించుకున్నాడు.

"తప్పు నాదే వదినా. చేజేతులా నేనే చెడగొట్టాను. ఈ ముక్క నాన్నతో మాత్రం అనకండి."